పదకొండు రేవులు

జ్యేష్ఠ బహుళ షష్ఠి. ఊట రెండు వేళ్ళు.

ఈ రోజు నా చేతులారా లోవ పాట పాడు చేశాను.

ఇది ఊట పుస్తకమని నాకు తెలుసు. గుంటలో ఎన్ని వేళ్ళ నీరు ఊరింది, వెనక గోడకి చెమ్మ ఎంతవరకూ ఎక్కింది, అంతే రాయాలి. నెలకోసారి గట్టు కమిటీ వాళ్ళు వచ్చి చూసి సంతకం పెడతారు. మా ఇంట్లో దీన్ని మా అమ్మాయి లోవ రాసేది. పిల్ల పోయి ఏడు నెలలైంది. నీళ్ళ జ్వరం, నాలుగే రోజులు. అప్పట్నుంచీ నేను రాస్తున్నాను. వేళ్ళ లెక్క తప్ప ఇంకో ముక్క రాయలేదు. ఇవాళ రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది. చూసేవాళ్ళు చూడనీ.

పొద్దున్నే మిద్దెక్కి సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. ఒక్క పూట వదిలేస్తే ఉప్పు పొరకి పలకలు గుడ్డివైపోతాయి, ఇంట్లో దీపం ఉండదు. మిద్దె మీద నిలబడినా గట్టు అవతల సముద్రం నా తలకన్నా ఎత్తునే ఉంటుంది. గట్టు అడుగున నాలుగు మోటార్లు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్క నిమిషం ఆగకుండా ఊటనీరు తోడి అవతల పోస్తున్నాయి. అవి లేకపోతే మా ఊరు లేదు. వాటి హోరులోనే లోవ పుట్టింది.

తుడిచి దిగి పాటల గదిలోకి వెళ్ళాను. ఆరడుగుల గది. గొంతు గోడకి కొట్టి తిరిగి రాకుండా, పాత బోట్లలో దొరికిన లైఫ్ జాకెట్లన్నీ తెచ్చి నాలుగు గోడలకీ మేకులు కొట్టింది లోవ. గేలపు కర్రకి మైకు వేలాడదీసింది. బల్ల మీద పాటల పెట్టె. తలుపు తీయగానే అది మాట్లాడుతుంది.

"లోవ గారూ, నమస్కారం. ఈ మధ్య మీ గొంతు బొంగురుగా ఉంటోంది. వేడి నీళ్ళు తాగండి."

నేను లోవని కానని దానికి చెప్పలేదు. ఆ పేరు పెట్టి పిలిచేది ఈ ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

పిల్ల ఆఖరి పాటని మెట్ట రేడియోకి పంపాలని నా ఆశ. మెట్ట మీది వాళ్ళకి మా హోరు పడదు. పల్లపు ఊళ్ళ పాట ఏదైనా హోరు తీసి పంపాలి, లేకపోతే తిప్పి పంపేస్తారు. మా వీధిలో పాడేవాళ్ళందరూ తీసే పంపుతారు. లోవ ఒక్కతే తీయనని మొండికేసింది. అందుకే దాని పాట ఒక్కటీ గట్టు దాటలేదు. మొండితనం దానితోనే పోయింది, పాటనైనా నలుగురు వింటారని, హోరు తీసెయ్యమని పెట్టెతో చెప్పాను.

"పాతది కూడా ఉంచమంటారా? చెరిపేయమంటారా?"

తుడిచిన ఉప్పుని ఎవరైనా మూట కట్టి దాచుకుంటారా? చెరిపెయ్యమన్నాను.

తర్వాత వేయించుకుని విన్నాను.

ఉప్పు తుడిచే చేతికి ఉప్పే గాజు...
నీటి కింద మా ఊరు, నీటికే తెలీ...

గాజులు అనాలి. తెలీదు అనాలి. ప్రతి వరస చివరా నా పిల్ల గొంతు లేదు. పెట్టెని అడిగితే తాపీగా చెప్పింది. హోరు శ్రుతి, లోవ వరస చివర దిగే శ్రుతి ఒకటేనట. హోరుతో పాటు అదీ పోయిందట.

లోవకి తంబురా ఎక్కడిది, హార్మోనియం ఎక్కడిది? మోటారే దాని శ్రుతి. "ఎంత దూరం తిరిగొచ్చినా పాట రేవుకి చేరాలమ్మా. మన రేవు మోటారు" అనేది.

లెక్కపెట్టాను. పదకొండు చోట్ల. పదకొండు సార్లు నా పిల్ల రేవు దాకా వచ్చి దిగకుండా పోతోంది. దాన్ని నేనే దిగనివ్వలేదు.


సప్తమి. ఊట రెండు వేళ్ళు.

కాసులమ్మ వదిన మిద్దె మీది నుంచే కేకేసింది. ఆవిడ మా ఆయనకి అక్క. ఆయన పోయి పన్నెండేళ్ళైనా మా గోడా వాళ్ళ గోడా ఒకటే.

"ఏమే నూకరత్నం, పలకలు మూడోసారి తుడుత్తన్నావు, అరిగిపోతాయే!"

చేసిన పని చెప్పాను. ఆవిడ చీపురు కింద పడేసింది.

"ఓసి పిచ్చిమొగమా! హోరు తీత్తే తీసేవు, పాతది ఎందుకు సెరిపించేవే?"

"మీ అబ్బాయి వీరబాబు పాటకి పాతది ఉంచేవేంటి వదినా?"

"ఆడి పాట ఉంచినా ఒకటే, సెరిపినా ఒకటే. పాట ఓ ఈదిలో, ఆడో ఈదిలో!"

నవ్వొచ్చింది. ఏడు నెలల్లో మొదటిసారి. మరు నిమిషంలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఈ ఊళ్ళో ఇన్ని పాటలకి హోరు తీశారు కదా, ఎవరి పాటకీ చిల్లు పడలేదు. ఎవరూ మోటారు మీద అంత సరిగ్గా దిగలేదు కాబట్టే. దిగినది ఒక్క లోవే. అంత బాగా పాడినందుకే దాని పాట పోయింది.

"ఆ పెట్టెనే పూడ్సమను" అంది వదిన. "దాని గొంతు ఎన్నేళ్ళబట్టి ఇంటంది అది!"


అష్టమి. ఊట ఒకటిన్నర వేలు.

పూడ్చమన్నాను. రెండు నిమిషాల్లో పూడ్చింది.

లోవ గొంతే. కళ్ళు మూసుకుంటే లోవే. కానీ మేకు కొట్టినట్టు తిన్నగా దిగింది. లోవ అలా దిగదు. పైనుంచి చిన్నగా జారుతుంది, ఒక్క లిప్త ఊపిరి తీస్తుంది, అప్పుడు దిగుతుంది. పడవలోంచి దిగేవాడు ముందు కాలితో నీళ్ళని తడిమి చూసుకుంటాడే, అలాగ.

"ఇది మా పిల్ల కాదు" అన్నాను.

"లోవ గారూ, ఇది మీ గొంతే. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు సరిపోయింది."

"ఆ ఒక్క పాలే నాకు కావాలి. తీసెయ్యి."

తీసేసింది. మళ్ళీ పదకొండు చిల్లులు. అన్నం ముందు కూర్చోలేకపోయాను. కంచం పట్టుకుని గదిలోకీ వాకిట్లోకీ తిరుగుతూ తిన్నాను.


దశమి. ఊట రెండు వేళ్ళు.

నిన్న రాయలేదు. ఊట చూశాను గానీ రాయబుద్ధి కాలేదు.

మంచినీళ్ళ వరసలో పేర్రాజు కలిశాడు. మోటార్ల గోతిలో పని అతనిది, ఇరవై ఆరేళ్ళుగా. నన్ను అక్కా అంటాడు. చెవుల్లో దూది తీసి చెప్పాడు.

"పాడ్యమి నుంచి నాకు సెలవే అక్కా. కొత్త మోటార్లు తిప్పుతారంట. సప్పుడే ఉండదంట. దగ్గరికెల్లి ముట్టుకుంటే గానీ తిరుగుతున్నట్టు తెలీదంట. మోటారన్నాక నోరుండొద్దా?"

బిందె జారి కాలి మీద పడింది. పాడ్యమి అంటే ఇంకా ఆరు రోజులు. హోరు పోతే లోవ రేవు ఎక్కడుంటుంది? ఎవరు దిగి చూపిస్తారు? సంగతంతా పేర్రాజుకి చెప్పాను. కాలి బొటనవేలు చూసుకోమన్నాడు, రక్తం వస్తోందని. తర్వాత ఆలోచించి అన్నాడు.

"నువ్వే పాడొచ్చు కదక్కా?"

"నేనా! నా గొంతు నీ మోటారు బేరింగులా ఉంటాది."

"గొంతు సంగతి నాకు తెలీదు. లోవమ్మ దిగుతాదే, పైనుంచి జారి, ఊపిరి తీసి, అది నీ దగ్గర నేర్సిందే. మిద్దె మీద పలకలు తుడుత్తా కూనిరాగం తీసేదానివి. గోతిలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఇనేవోణ్ణి. నువ్వు మానేసి ఏడు నెల్లైంది."

నేను పాడతానని నాకే తెలియదు. పలకలు తుడుస్తుంటే నోరు ఏదో అంటూ ఉండేదేమో.

ఇంటికొచ్చి ఈ పుస్తకం పాత కాయితాలు తిరగేశాను. దొరికింది. లోవ చేతిరాత. "భాద్రపద అమావాస్య. ఊట అయిదు వేళ్ళు. పోటు నిండుగా ఉంది. పాట ఇవాళ కుదిరింది."

అమావాస్య పోటుకి ఊట ఎక్కువవుతుంది, మోటార్ల మీద బరువు పడుతుంది, హోరు ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిందే, పోటు ఎంతుందో హోరు విని చెబుతాం. లోవ పాట ఆ దిగిన హోరు మీద ఉంది. అమావాస్య పొద్దున్న తొమ్మిది గంటలకి పోటు నిండుతుంది. పాడ్యమికి మోటార్లు మారతాయి. ఒక్క పోటు ఉంది నాకు. చాలు.


ద్వాదశి. ఊట రెండున్నర.

చాలదు.

కొత్త మోటార్ల ఇంజనీరమ్మ వచ్చి మైకులో చెప్పింది. పాడ్యమికి కాదు, అమావాస్య నాడే మారుస్తారట. తొమ్మిదింటికి. నేను జనంలోంచి తోసుకుని ముందుకెళ్ళాను.

"పాడ్యమన్నారు కదమ్మా?"

"కొత్త మోటార్లు పెద్ద పోటుని తట్టుకుంటాయో లేదో పెద్ద పోటు నాడే చూడాలమ్మా. పాతవి పక్కన సిద్ధంగానే ఉంటాయి, భయం లేదు."

"నాకు భయం కాదు. ఒక్క గంట ఆగండి. పది గంటలకి మార్సుకోండి."

"ఎందుకు?"

పాట కోసమని అంతమందిలో నోరు రాలేదు. "పనుంది" అన్నాను.

ఆ అమ్మాయి కసురుకోలేదు. లోవ వయసే ఉంటుంది. "నేను ఆగుతానమ్మా, పోటు ఆగుతుందా?" అంది.

వెనకనుంచి ఎవరో అన్నారు, పాపం కూతురు పోయిన దగ్గర్నుంచీ ఇంతేనని. వినపడింది. తిరిగి చూడలేదు.

పాత మోటార్లు ఇంకాసేపు తిప్పమని అడగడానికి పేర్రాజు గోతి దగ్గరికి వెళ్ళాను. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నన్నడక్కక్కా. ఊరు మునిగితే మీ లోవమ్మ పాట ఎవరింటారు?" నిజమే. కానీ వెనక్కి వస్తున్న నా వెంట మెట్ల దాకా వచ్చాడు. ఎనిమిదింబావుకల్లా హోరు దిగడం మొదలవుతుందని, ఎనిమిదిన్నర నుంచి లోవ పాడిన చోటుకి వస్తుందని చెప్పాడు.

అరగంట. పదకొండు రేవులు.


త్రయోదశి. ఊట మూడు.

పలకలు తుడుస్తూ పాడబోయాను. రాదు. పాడాలనుకుంటే రాదు, అనుకోకపోతే పాడలేను. గదిలో పాడితే హోరు ఇంకా పైనే ఉంది, నా గొంతు దాని వెంట పైకి పోతోంది. పెట్టె తనకి గుర్తున్న ఆ దిగిన హోరు శ్రుతిని చెవిగొట్టంలో మోగించింది. చెవికి తెలిస్తే సరిపోదు. హోరు నేలలోంచి పాదాల్లోకి ఎక్కాలి. చెప్పులు విప్పేసి తిరుగుతున్నాను. వదిన వచ్చి కాళ్ళకేమైందంది. ఏం కాలేదన్నాను.


చతుర్దశి. ఊట నాలుగు.

ఇవాళ ఒక తప్పు పట్టుకున్నాను. నేను పాడి, వేయించుకుని వింటే నా గొంతు లేదు. లోవ గొంతు ఉంది, ఆ మేకు దిగుడు.

"నేను పాడింది ఏదే?" అని అరిచాను.

"లోవ గారూ, మీ గొంతు ఏడు నెలలుగా బాగుండటం లేదు. అందుకని పాడిన ప్రతిసారీ పూర్వంలా ఉండేలా నేనే సరిచేస్తున్నాను."

అది దయతోనే చేస్తోంది. దాని తప్పేముంది? చెప్పనిదాన్ని నేను. మైకు ముందు నిలబడ్డాను. రెండుసార్లు నోరు తెరిచి మూశాను. వాకిట్లోకి వెళ్ళి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చాను.

"నేను లోవని కాను. వాళ్ళమ్మని. లోవ లేదు. కార్తీకమాసంలో చనిపోయింది."

ఏడు నెలలూ అందరూ నాకు చెప్పారు, ఓదార్చారు. నా నోటితో ఆ మాట అనడం ఇదే మొదలు. "మన్నించండి. ఇకమీదట మీ గొంతుని సరిచేయను. మీ పేరు?" అంది పెట్టె.

చెప్పాను. ఇంక ఆ గదిలో లోవా అని ఎవరూ పిలవరు.


అమావాస్య. ఊట అయిదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదింటికే తలుపు వేసుకున్నాను. ఒక చెవికి గొట్టం, ఒక చెవి ఖాళీ. చెప్పుల్లేవు. ఎనిమిదింబావు దాటాక హోరు బరువెక్కింది. నేలలోంచి మడమల్లోకి, మోకాళ్ళలోకి వచ్చింది. లోవ వరస పాడుతుంది, చివర ఆగుతుంది, అక్కడ నేను అందుకోవాలి. ఒక్క అక్షరం. అంతే నా పని.

ఉప్పే గాజు... "లూ."

మొదటిది మూడుసార్లకి కుదిరింది. రెండోది ఒక్కసారికే. మూడు, నాలుగు, అయిదు. నేను పాడటం లేదు, పిల్ల చెయ్యి పట్టుకుని పడవలోంచి దింపుతున్నాను. ఆరు. ఏడోదానికి ఊపిరి తీసి జారుతున్నానో లేదో, తలుపు మీద దబదబా బాదుడు.

"ఏమే నూకరత్నం! మోటార్లు ఆపేత్తన్నారే! ఊరంతా గట్టు మీదుంది, సూడ్డానికి రావా?"

"రాను వదినా!"

"ఏటీ?"

"రానూ!"

"మళ్ళీ ముప్పై ఏళ్ళకి గానీ రాదే ఈ వింత!"

తలుపు తీసి, చేతులు జోడించి, కళ్ళతోనే వెళ్ళిపొమ్మన్నాను. నా మొహంలో ఏం చూసిందో, వెనక్కి తిరిగి వెళ్ళింది. ఏడోది చెడింది. మళ్ళీ మొదలుపెట్టాను. గుండె కొట్టుకుంటుంటే ఊపిరి నిలవలేదు. ఏడోదానికే అయిదు నిమిషాలు పోయాయి. ఎనిమిది. తొమ్మిది. పదోది దింపాక కూడా గడియారం చూడలేదు. చూస్తే గొంతు తడబడుతుందని.

పదకొండోది పాట మొత్తానికి ఆఖరి వరస. లోవ మొదలుపెట్టింది.

నీటి కింద మా ఊరు...

హోరు ఆగిపోయింది.

చప్పుడు ఆగినట్టు లేదు. కింద నేల లాగేసినట్టుంది. పాదాల్లో ఏమీ లేదు. గోడ పట్టుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత నా చెవుల్లో నా నెత్తురే కొట్టుకుంటూ వినిపించింది. గొట్టంలో పిల్ల మాత్రం ఆగలేదు. దానికి తెలియదు కదా. నీటికే తెలీ... అని రేవు దాకా వచ్చి నిలబడింది.

ఆలోచించలేదు. పైనుంచి జారాను, ఊపిరి తీశాను, దిగాను.

"దూ."

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. గొంతు దానంతట అదే ఆగింది.

తలుపు తీస్తే వీధిలో జనం. గట్టు మీది నుంచి దిగి వచ్చేశారు. ఎవరూ మాట్లాడటం లేదు, చిన్నపిల్లలు చెవులు మూసి తెరిచి చూసుకుంటున్నారు. కాసులమ్మ వదిన ఎప్పటిలాగే "ఏమే!" అని కేకేసింది. ఆ కేక వీధి చివరి ఇంటికి తగిలి తిరిగొచ్చింది. ఆవిడే హడలిపోయి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

"దూ అని ఊరంతా ఇనపడింది. ఏటే అది?"

"లోవ పాట వదినా. అయిపోయింది."

"మరి ఎయ్యి. ఇంటాం."

పెట్టెని వాకిట్లోకి తెచ్చాను. అప్పుడే పేర్రాజు గోతిలోంచి పైకొచ్చాడు. చెవుల్లో దూది అలాగే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా వచ్చి మా గుమ్మం మీద కూర్చున్నాడు. వదినే దూది పీకి పారేసింది. పాట వేశాను.

మొదటి వరస లోవ పాడింది. ఆ నిశ్శబ్దంలో దాని గొంతు ఎంత పలచగా ఉందో నాకే ఇవాళ తెలిసింది. చివర నా గొంతు వచ్చింది. నా గొంతుతో పాటే, దాని వెనకాల, హోరు వచ్చింది. నేను పాడేటప్పుడు మైకులోకి ఎక్కిన హోరు. రెండు క్షణాలు ఉండి పోయింది.

పేర్రాజు దిగ్గున తలెత్తాడు.

"అక్కా! అది నా మూడో నంబరే! బేరింగు గిలక్కొట్టుకోడం ఇనపళ్ళా?"

"ఇను, ఇంకా ఉంది."

ప్రతి వరస చివరా లోవ ఆగేది, నేను దిగేదాన్ని, మోటారు మోగేది. పేర్రాజు వేళ్ళు మడుస్తున్నాడు. వీధిలో ఎవరో ముక్కు చీదారు. పదో వేలు మడిచి, పదకొండోదానికి ముందుకి వంగాడు. లోవ వచ్చింది, ఆగింది. నేను దిగాను. వెనకాల ఏమీ లేదు. నా గొంతే, బొంగురుగా, చివర కాస్త వణుకుతూ. శ్రుతి కలిసిందో లేదో చెప్పడానికి ఇంక ఈ ఊళ్ళో మోటారు లేదు.

పేర్రాజు మడిచిన వేళ్ళు విప్పకుండానే నా వైపు తిరిగాడు.

"ఇక్కడ మోటారు లేదేంటక్కా?"

"అప్పటికి ఆపేసేరుగా."

"మరి దేన్ని పట్టుకుని దిగేవే?"

"దేన్నీ పట్టుకోలేదు తమ్ముడూ" అన్నాను. "దిగిపోయేను."